లెక్క ముందా, నాటు ముందా?

డిసెంబర్ మొదటి వారం. బోధన్ నుంచి రుద్రూరు వైపు వెళ్లే దారిలో, నిజాంసాగర్ కాలువ నుంచి చీలిన ఒక డిస్ట్రిబ్యూటరీ గట్టు. వానాకాలం వడ్లు అమ్ముడుపోయాయి. కొయ్యకాళ్లు దున్ని, యాసంగి నారుమడికి నీళ్లు కట్టే రోజులు. వేపచెట్టు కింద ఇద్దరు కూర్చున్నారు. ఆయన ఎనిమిదెకరాల రైతు. తండ్రి కాలం నుంచి నిజాం షుగర్స్‌కు చెరుకు తోలిన ఇల్లు ఆయనది. ఆమె ఆయన చెల్లెలి బిడ్డ, నిజామాబాద్‌లో పిల్లలకు భూగోళం చెప్పే టీచరు. ఆదివారం కాబట్టి మామను చూడవచ్చింది. వాళ్లకు నేను పేర్లు పెట్టలేదు. బోధన్, వర్ని, కోటగిరి వైపు ఏ ఊరికి వెళ్లినా ఇలాంటి మామా ఉంటాడు, ఇలాంటి కోడలూ ఉంటుంది. ఇద్దరూ ఈ నేల మేలు కోరేవాళ్లే. అయినా నీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒకరి మాట ఒకరికి గిట్టదు.

మామ: మా చిన్నప్పుడు ఇదే నెలల ఈ గట్టు మీద నిలవడితే చెరుకు బండ్ల వరుస కనవడుతుండె బిడ్డా. కటింగ్ ఆర్డర్ చేతికొచ్చిందంటే ఇంట్ల పండుగే. 1937ల నిజాం సర్కారు పెట్టిన ఫ్యాక్టరీ అది. ఆసియాలనే పెద్దదని చెప్పుకునేటోళ్లు. దాని సొంత చెరుకు తోటలే వేల ఎకరాలు. దవాఖాన, బడి, క్వార్టర్లు, అన్నీ దాని చుట్టే లేచినయి. శక్కర్‌నగర్ అంటే ఒక ఊరే. 2002ల ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌ల మూతవడ్డది. ఇప్పుడు మల్ల తెరుస్తమంటున్నరు. 2024 జనవరిల సర్కారు కమిటీ గూడ వేసింది. తెరిచిన ఏడాదే నాలుగెకరాలు చెరుకు పెడ్త, రాసుకో.

కోడలు: తెరవాలనే నాకూ ఉన్నది మామా. పని పోయినోళ్ల పిల్లలు నా దగ్గర చదువుకున్నరు, వాళ్ల ఇండ్లల్ల ఏం జరిగిందో నాకు తెలుసు. కాని ఒక మాట అడుగుత. ఆ ఫ్యాక్టరీని ఏ నిజాంసాగర్‌ను నమ్ముకొని పెట్టిన్రో, ఆ నిజాంసాగర్ ఇప్పుడు ఉన్నదా?

మామ: ఉండకపోతే యాడికి పోయింది? అచ్చంపేట కాడ కట్ట అట్లనే ఉన్నది.

కోడలు: కట్ట ఉన్నది, కడుపు లేదు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీరుగా 1923ల మొదలుపెట్టి 1931ల పూర్తి చేసినప్పుడు అండ్ల 29.72 టీఎంసీలు పట్టేది. 1970లల్ల కొలిస్తే 12 టీఎంసీల లోపే తేలింది. మిగిలింది అంత పూడిక. తర్వాత మట్టం పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చిన్రు. నేను పిల్లలకు ఒక లెక్క చేయించిన, నువ్వూ చూడు. ఒక టీఎంసీ నీళ్లు మీటరు లోతు పరిస్తే 7 వేల ఎకరాలకు వస్తయి. నిండిన నిజాంసాగర్ నీళ్లు చుక్క ఆవిరి పోకుండ, చుక్క ఇంకకుండ మొత్తం తెచ్చి అప్పటి 2.75 లక్షల ఎకరాల ఆయకట్టు మీద పరిస్తే ఎంత లోతు వస్తదో తెలుసా? 45 సెంటీమీటర్లు. మోకాలు లోతు. కట్టిన కొత్తల అయితే 75 సెంటీమీటర్లు వస్తుండె.

మామ: వానాకాలం వరద నడుస్తుంటే ఖాళీ అయిన కొద్ది నిండుతనే ఉంటది గదా. ఒక్కసారి నింపిన లెక్క జెప్తే ఎట్ల?

కోడలు: వానాకాలానికి నీ మాట నిజమే. యాసంగికి వరద రాదు. ఇయ్యాల కట్ట లోపల ఏం నిలిచిందో అదే దిక్కు. కాలువ కొసకు నీళ్లు అందకనే గద అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలు పెట్టి గోదావరి నుంచి నీళ్లు తెచ్చిన్రు!

మామ: అయితే పూడిక తియ్యాలె. 2015 మార్చిల మిషన్ కాకతీయ మన సదాశివనగర్‌లనే మొదలువెట్టిన్రు. మా ఊరి చెరువు ఒండ్రు మట్టి నేను ట్రాక్టర్లకొద్ది తోలుకున్న. నల్లగ, వెన్న లెక్క ఉండె. చేతిల పిసికితె వేళ్ల సందులకెళ్లి జారుతుండె. ఆ మడిల రెండేండ్లు యూరియా సగమే పట్టింది. చెరువుల తీసింది నిజాంసాగర్‌ల తియ్యరాదా?

కోడలు: చెరువు మట్టి పక్క చేనుకు పోతది కాబట్టి అది సాగింది. నిజాంసాగర్‌ల పోయిన 12 టీఎంసీల జాగ మల్ల రావాలంటే 34 కోట్ల ఘనపు మీటర్ల మట్టి తియ్యాలె. టిప్పరుకు 10 ఘనపు మీటర్లు పడితే 3 కోట్ల 40 లక్షల ట్రిప్పులు. రోజుకు వెయ్యి ట్రిప్పులు తోలినా 93 ఏండ్లు. అండ్ల మల్ల ప్రతి వానకు కొత్త మట్టి వస్తనే ఉంటది. అక్కడ పోచంపాడు కథా ఇంతే. 1963ల నెహ్రూ పునాది రాయి వేసిన శ్రీరాంసాగర్ 112 టీఎంసీలకు కట్టింది. ఇప్పుడు 80 టీఎంసీల చిల్లర పడుతున్నది. చెరువులల్ల ఏటా తియ్యాలె, తప్పదు. పెద్ద ప్రాజెక్టుల పోయిన జాగ మాత్రం పోయినట్టే అనుకొని బతుకుడు నేర్చుకోవాలె.

మామ: సరే, నీళ్లు తగ్గినయే అనుకుందాం. మరి చెరుకు పోయినంక మా పొలాలల్ల ఏమొచ్చింది? వరి. వానాకాలం వరి, యాసంగి మల్ల వరి. మీ వ్యవసాయం సార్లు చెరుకు నీళ్లు మస్తు తాగుతదంటరు. రెండు కార్ల వరి తాగే నీళ్లు ఎవడన్న లెక్క పెట్టిండా?

కోడలు: పెట్టిన్రు మామా, ఆ లెక్కల నువ్వే గెలుస్తవు. చెరుకుకు ఏడాది పొడుగుత ఒకటిన్నర నుంచి రెండున్నర మీటర్ల నీళ్లు కావాలె. మనం కట్టే తీరుల వరికి ఒక్క కారుకే మీటరు దాటి ఒకటిన్నర మీటర్ల దాక పోతది. రెండు కార్లు కలిస్తే చెరుకుకు తక్కువ కాదు, ఎక్కువ కూడ.

మామ: మరింకేం? దొంగ దొరికిండు గద!

కోడలు: వరి దొంగ కాదు, చెరుకు దొంగ కాదు. నా భయం వేరే. వానాకాలం వరి సగం నీళ్లు మొగులు నుంచే తీసుకుంటది. యాసంగి వరికి నీళ్లు లేవని తేలితే నాటు తగ్గించొచ్చు, ఆపొచ్చు. చెరుకు అట్ల కాదు. ముచ్చెలు పెట్టినవంటే పన్నెండు నెలలు నీళ్లిస్తనని మాటిచ్చినట్టు. ఏప్రిల్, మే నెలలల్ల, కాలువ ఎండి బోరు బుస్సుమన్న రోజులల్ల, అది పచ్చగ నిలబడి నీళ్లడుగుతది. నిజాంసాగర్‌ను నింపే మంజీర మనకు పన్నెండు నెలల మాట ఇస్తలేదు. నది ఇయ్యని మాట మనం పంటకు ఎట్ల ఇస్తం?

మామ: చెరుకు సంగతి నాకు చెప్పకు బిడ్డా. వేరు పట్టిన చెరుకు ఇరవై రోజులు నీళ్లు లేకున్నా వాడుతది గని చావది. వరి వారం ఎండితె పొట్టల్నే పోతది. మా నాయిన కార్శి తోటల చెత్త కాలవెట్టకుండ సాళ్ల నడుమ పరిచేటోడు. చెత్త ఎత్తి చూస్తే కింద ఎండాకాలంల గూడ మట్టి సల్లగ, తడిగ ఉండేది. రుద్రూరు పరిశోధన కేంద్రమోళ్లు వచ్చి అదే జెప్పిన్రు. తెలివి మాకు లేదని అనుకోకు.

కోడలు: ఆ తెలివిని నేను కాదంటలేను. చెత్త పరిచి, డ్రిప్పు పెట్టి చేసే చెరుకుకు నేను అడ్డం రాను. కాలువ కోసి వదిలి, రాత్రంత పారిచ్చే చెరుకు గురించి చెప్తున్న. లాతూరు సంగతి యాదున్నదా?

మామ: రైలుల నీళ్లు తెచ్చిన ఊరు గదా.

కోడలు: అదే. 2016 ఏప్రిల్‌ల మీరజ్ నుంచి రైలు వచ్చింది. పది ట్యాంకర్లు, ఒక్కోదాంట్ల 50 వేల లీటర్లు. ఆ ఊరు ఏ నది మీద ఆధారపడ్డదో చూడు. బీడ్ జిల్లా బాలాఘాట్ గుట్టలల్ల పుట్టి, లాతూరు మీదుగ, బీదర్ మీదుగ, మన సింగూరుకు, నిజాంసాగర్‌కు వచ్చి, కందకుర్తి కాడ గోదావరిల కలిసే మంజీర. మన మంజీరనే. దాని మీద లాతూరోళ్ల డ్యాం ఎండింది. ఊరి చుట్టు మాత్రం చెరుకు తోటలు, చక్కెర ఫ్యాక్టరీలు. అది వేరే దేశం కథ కాదు మామా, మన నది పై ఊరి కథ. పైన ఎండినంక కింద మనకు ఏం మిగులుతది? ఆ కరువుల సింగూరు, నిజాంసాగర్ రెండూ అడుగంటినయి.

మామ: అడుగంటినయి, నిజమే. అదే ఏడాది సెప్టెంబర్ ఆఖరుకు ఏమాయె? వరద వచ్చి రెండూ నిండినయి, గేట్లెత్తిన్రు. నది గుణమే అంత. ఎండుతది, నిండుతది. మా తాతల కాలం నుంచి చూస్తున్నం.

కోడలు: తాతల కాలంల ఎండుటికి, నిండుటికి నడుమ ఏండ్లుండేటియి. ఇప్పుడు ఐదు నెలలల్ల రెండూ చూసినం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటదని సైన్సు చెప్తది. పట్టుకున్నది ఒక్కసారి కుమ్మరిస్తది. 2025 ఆగస్టు ఆఖర్ల కామారెడ్డి చూసినం గద. రోడ్లు తెగినయి, పట్టాలు తేలినయి, వందేండ్ల పోచారం కట్ట మీది నుంచి వరద దుంకింది. అన్ని నీళ్లు వచ్చినయి, పోయినయి. ఒక్క రోజు వానను మన పొలం తాగలేదు. నాలుగు నెలలు మెల్లగ పడే వానకు కట్టిన లెక్కలు మనయి. వాన తీరు మారినంక లెక్క మారొద్దా?

మామ: లెక్క మారాలంటవు. ఎవరు మార్చుకోవాలె? ఎప్పుడైనా రైతే నా? సింగూరు కట్టినప్పుడు మమ్ముల ఎవరడిగిన్రు? దాదాపు 30 టీఎంసీల డ్యాం మా నెత్తి మీద కట్టిన్రు. హైదరాబాద్ తాగనీకి అన్నరు, తాగనీ, మనుషులే గదా. ఆ నీళ్లు తాగినంక యాడికి పోతున్నయి? మూసీల కలుస్తున్నయి. మూసీ కృష్ణల కలుస్తది. గోదావరి బేసిన్ నీళ్లు మల్ల మంజీర మొఖం చూడయి. మా పొలంల పారిన నీళ్లన్నా ఇంకి బావిలకొస్తయి. పట్నం తాగినయి చుక్క వాపసు రావు. ఇగ పైన మహారాష్ట్ర. గోదావరి మీద వాళ్లు కట్టిన బాబ్లీ బ్యారేజీ సంగతిల సుప్రీంకోర్టు 2013ల తీర్పు చెప్పి, జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాక గేట్లు తెరవాలన్నది. ఆ తర్వాత? మూస్తరు. పట్నపోడు తగ్గించడు, పై రాష్ట్రం తగ్గించది. కింది రైతుకు మాత్రం పాఠం చెప్తరు.

కోడలు: నీ ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. అది అన్యాయమే. పట్నం ముందు తగ్గించుకోవాలె, అప్పుడే రైతును అడగాలె. అట్ల జరిగిన ఊరు ఒకటున్నది, చెప్పమంటవా?

మామ: చెప్పు.

కోడలు: దక్షిణాఫ్రికాల కేప్‌టౌన్. మూడేండ్లు వాన లేక డ్యాంలు ఎండినయి. నల్లాలు బందయ్యే రోజుకు డే జీరో అని పేరు పెట్టి లెక్క పెట్టుకున్నరు. 2018 ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లే అన్నరు. స్నానం, వంట, బట్టలు, లెట్రిన్, అన్నిటికీ కలిపి. ఉన్నోడైనా లేనోడైనా అంతే. అదే నెలల ఆ పక్క కొండల్ల పండ్ల తోటల రైతులు, గ్రోన్‌లాండ్ నీటి వినియోగదారుల సంఘమోళ్లు, తమ డ్యాంలల్ల నుంచి వెయ్యి కోట్ల లీటర్లు పట్నానికి ఇడిచిన్రు. డే జీరో రాలేదు.

మామ: గుంజుకోలేదు. ఇచ్చిన్రు.

కోడలు: ఇచ్చిన్రు. పట్నం కడుపు కట్టుకున్నది కాబట్టి ఇచ్చిన్రు.

మామ: అట్ల అడుగుమను మమ్ముల. మేం ఇయ్యమా? ఈ కాలువ మీద పెరిగినోళ్లం, నీళ్ల విలువ మాకు తెల్వదా?

కోడలు: ఇప్పుడు నేను అడిగేది నీకు కష్టమనిపిస్తది, అయినా అడుగుత. ఈ డిస్ట్రిబ్యూటరీ మీద నీ తూము ఎక్కడుంది?

మామ: మొదట్ల. ఐదో తూము.

కోడలు: కొసకున్నోళ్లకు నిరుడు యాసంగిల ఎన్ని తడులు అందినయి?

మామ: ... మూడో తడి నుంచి అందలేదు. పొట్ట మీద ఎండింది.

కోడలు: నీ మడిల అప్పుడు ఎన్ని నీళ్లున్నయి?

మామ: మడమలు మునిగేటట్టు ఉన్నయి. మల్ల నీళ్లు వస్తయో రావో అని భయం బిడ్డా. వచ్చినప్పుడే నిలుపుకోవాలె అనిపిస్తది.

కోడలు: ఆ భయమే సింగూరుకు ఉన్నది, బాబ్లీకి ఉన్నది. సింగూరు మనకు చేసింది, మొదటి తూమోడు కొస తూమోనికి చేస్తున్నడు. నేను నిన్ను తప్పు పడుతలేను. పైనున్నోడు నిలుపుకుంటడు, కిందున్నోడు బోరేస్తడు. బోరు పక్కన బోరు, ఒకే పాతాళగంగకు పది గొట్టాలు. 2018 జనవరి 1 నుంచి పొలానికి 24 గంటల కరెంటు వచ్చింది. అది రైతుకు జరిగిన మేలే, నేను కాదనను. కాని ఆటోస్టార్టరు పెట్టి ఇంట్ల పండుకుంటే, మడి నిండినా మోటరుకు తెలువదు.

మామ: అందుకే గద గోదావరి నీళ్లు ఎత్తి పోసుడు. 2021 ఏప్రిల్‌ల కొండపోచమ్మ సాగర్ నుంచి హల్దీ వాగుల ఇడిస్తే, ఆ నీళ్లు మంజీరల వడి నిజాంసాగర్ దిక్కు నడిచినయి. ఎండాకాలం వాగు పారుతుంటె జనం పూలు చల్లిన్రు. నీళ్లు లేని కాడికి నీళ్లు తెచ్చుడు సర్కారు పని.

కోడలు: ఆ రోజు వాగు ఒడ్డు మీద ఉంటే నేనూ పూలు చల్లుతుంటి. కాని గోదావరి నీళ్లు ఎత్తుడు మొదలయ్యే మేడిగడ్డ బ్యారేజీ నీటిమట్టం సముద్రమట్టం మీద 100 మీటర్లు. కొండపోచమ్మ 618 మీటర్లు. అన్ని మీటర్లు ఎత్తిన నీళ్లను మనం మడమ లోతు నిలిపి, కొసోనికి పోకుండ ఆపితే, ఆ కరెంటు, ఆ అప్పు ఎవరు కట్టాలె? 2023 అక్టోబర్‌ల మేడిగడ్డ పిల్లర్ కుంగింది. ఎత్తిపోతలు వద్దని నేను అనను. అది ఆపదల పనికొచ్చేది. రోజూ ఆపదనే చేసుకుంటే ఎట్ల?

మామ: ఇగ ఆఖరుకు పంట మార్చమంటవు. చెప్పు, ఏమెయ్యమంటవు? మక్క? శనగ? ఎర్రజొన్న? పసుపు? ఆర్మూరు దిక్కోళ్లు వరి మీదనే ఆధారపడక పసుపు, ఎర్రజొన్న వేసిన్రు. ఏమాయె? ధర రాక రోడ్డు మీద కూసున్నరు. 2019 పార్లమెంటు ఎలక్షన్ల నిజామాబాద్‌ల 185 మంది పోటీ జేసిన్రు. అండ్ల ఎక్కువ మంది ఆ రైతులే. పసుపు బోర్డు రానీకి 2025 దాక ఆగవలసొచ్చింది. వరి ఎందుకు వేస్తమో నీకు చెప్పాలె: ఊళ్లె కాంటా పెడ్తరు, కొంటరు, పైసలు బ్యాంకుల పడుతయి. నీళ్లు తక్కువ తాగే పంటకు ఆ భరోసా ఎవరిస్తరు? చెరుకుకు ఆ భరోసా ఉండె. కార్డు ఉండె, ధర ఉండె, ఫ్యాక్టరీ ఉండె. అందుకే నాకు ఆ ఫ్యాక్టరీ సైరన్ కూత యాదికొస్తది. చెరుకు తీపి మీద నాకు మోజు లేదు బిడ్డా. అమ్మకం మీద నమ్మకం పోయింది.

(ఆమె కొంతసేపు మాట్లాడలేదు. కాలువలో నీళ్లు లేవు. అడుగున ఎండిన మట్టి పలకలు పలకలుగా పగిలి ఉంది.)

కోడలు: ఈ మాట నేను ఇంతకు ముందు ఇట్ల ఆలోచించలేదు మామా. మేం నీళ్ల లెక్క ఒక్కటే చెప్తం, ధర లెక్క చెప్పం. రెండు లెక్కలు ఒకేసారి చెప్పకపోతే రైతు వినడు, వినొద్దు కూడ. ఒప్పుకుంటున్న. ఇప్పుడు నా సంచిలది నీకు చూపిస్త.

(సంచిలో నుంచి మూరెడు కన్నా కొంచెం పొట్టిగా ఉన్న పీవీసీ పైపు ముక్క తీసింది. కింది సగం నిండా సన్నని రంధ్రాలు. మామ చేతిలో తిప్పి చూశాడు.)

మామ: ఏందిది, జల్లెడ పైపా?

కోడలు: ఒక్క పైపు ముక్క. ఇంట్ల మిగిలిన దానికి బర్మాతో రంధ్రాలు పెట్టిన. రంధ్రాలున్న దిక్కు మడిల పాతి, లోపలి మట్టి తీసెయ్యాలె. మడి పైన నీళ్లు కనపడకున్నా లోపల నీళ్లు ఎంత లోతుల ఉన్నయో ఇండ్ల కనపడుతది. నాటు కుదురుకున్నంక, నీళ్లు మట్టి కింద 15 సెంటీమీటర్లకు దిగిన దాక తడి ఇయ్యకు. వేర్లకు అక్కడ తేమ ఉంటది. పూత సమయంల మాత్రం నీళ్లు నిలపాలె, అప్పుడు ఎండబెట్టొద్దు. ఫిలిప్పీన్స్‌ల వరి పరిశోధన సంస్థ చెప్పిన పద్ధతి ఇది. పాతిక, ముప్పై శాతం దాక నీళ్లు మిగులుతయి, దిగుబడి తగ్గది. నీళ్లు నిలిచిన మడి నుంచి లేచే మీథేన్ సగానికి వస్తది. మిగిలిన ఆ నీళ్లు కాలువల కిందికి పోతయి. కొసోనికి మూడో తడి అవే.

మామ: (పైపులోకి ఒక కన్ను మూసి చూస్తూ) పైన ఎండినట్టు కనవడితే గుండె ఆగది బిడ్డా. ఇండ్ల నుంచి చూస్తే కింద నీళ్లు కనవడుతయి. ధైర్యం వస్తది.

కోడలు: అంతే. నీకు కావలసింది నీళ్లు కాదు, నీళ్లున్నయన్న ధైర్యం. ఇగ ఊరంతటికీ, కాలువంతటికీ ఆ ధైర్యం ఎట్ల వస్తదో అదే నా పంచాయితీ. మహారాష్ట్రల హివరే బజార్ అనే ఊరున్నది, ఇప్పుడు అహిల్యానగర్ అంటున్న అహ్మద్‌నగర్ దిక్కు. అంతకుముందు జనం వలసపోయిన ఊరు. పోపట్‌రావు పవార్ సర్పంచ్ అయినంక నీళ్లు ఎక్కువ తాగే చెరుకు వద్దనుకున్నరు. పొలాలకు బోర్లు వద్దనుకున్నరు. వాన ఎంత పడ్డదో కొలిచి, మనుషులకు, పశువులకు పోను ఏం మిగులుతదో గ్రామసభల చెప్పుకొని, ఆ లెక్కకు తగ్గ పంట వేస్తరు. ముందు లెక్క, తర్వాత నాటు. మనమేమో ముందు నాటుపెట్టి, నీళ్లు చాలకపోతే రోడ్డెక్కుతం.

మామ: (నవ్వాడు. అది ఎగతాళి నవ్వు కాదు, పాత సంగతి ఒకటి దొరికిన నవ్వు.) ఆ మాట చెప్పనీకి మహారాష్ట్ర దాక పోయినవా? మనకాడ అది ఉండె గదా. తైబందీ.

కోడలు: తైబందీ అంటే యాసంగికి ఏ డిస్ట్రిబ్యూటరీకి ఎన్ని ఎకరాలకు నీళ్లిస్తరో ఖరారు చేసే మీటింగే గదా? పేపర్ల చదువుత.

మామ: మీటింగు ఇప్పటిది. మాట నిజాం కాలంది. ఆబీ అంటే వానాకాలం పంట, తాబీ అంటే యాసంగి. మా తాత జెప్పేటోడు: చెరువు కింద ఆబీకి అందరికి నీళ్లు. తాబీకి నీరటి వచ్చి కట్ట మీద నిలవడి తూము కాడ నీళ్లు చూసేటోడు. సగం ఉంటే సగం ఆయకట్టే. అప్పుడు చెరువు దగ్గరి పొలాలల్ల అందరికీ కొంత కొంత పంచి నాటు వెట్టేటోళ్లు. దూరం పొలమున్నోడు దగ్గరోని పొలంల భాగం చేసుకునేటోడు. ఎవని పొలమైనా నీళ్లు మాత్రం అందరియి. నీరటి మాట మీద పటేల్ గూడ నోరెత్తకపోతుండె. ఎందుకంటె నీరటి ఎవని పక్షం కాదు, చెరువు పక్షం.

కోడలు: మామా, ఈ మాట నా పిల్లలకు చెప్పాలె. నేను దేశదేశాల పాఠం చెప్తున్న, నువ్వు చెప్పిన ఈ పాఠం ఏ పుస్తకంల లేదు.

మామ: ఇప్పుడు తైబందీ డిసెంబర్‌ల పెడ్తరు. అప్పటికే సగం మంది నారు పోసుకుంటరు. నారు పోసినంక ఎవడాగుతడు? మీటింగుల పెద్దోళ్లే కూసుంటరు. కొస తూమోడు రాడు.

కోడలు: అయితే నా మాట, నీ మాట కలిపి చూద్దాం. తైబందీ నవంబర్ మొదట్లనే పెట్టాలె, వానాకాలం కోత అయిన వెంటనే, నారు పోయకముందే. మీటింగు మొదలు కొస తూమోడు మాట్లాడాలె. నిజాంసాగర్‌ల నీళ్లెన్ని, బోర్లల్ల మట్టం ఎంత, రెండూ బోర్డు మీద రాయాలె. అదే రోజు ఆ ఏడాది వరి కాని పంటకు ఏ ధరకు, ఏ కేంద్రంల కొంటరో సర్కారు చెప్పాలె.

మామ: ఒక్కటి చేర్చు. తైబందీ మాకే కాదు. సింగూరుకు, పట్నానికి గూడ అదే రోజు. మా ఎకరాలు తగ్గిన ఏడాది పట్నంల బండ్లు కడిగే నీళ్లు తగ్గాలె. మన నిజామాబాద్ మురుగు పులాంగ్ వాగుల కలిపి ఇడుస్తున్నరు, అది శుద్ధి చేసి పొలాలకు ఇయ్యాలె.

కోడలు: ఇజ్రాయెల్‌ల పట్నాల మురుగు దాదాపు 90 శాతం శుద్ధి చేసి పొలాలకే ఇస్తరు. అడగాల్సిందే. పై రాష్ట్రంతోని కూడ ఇదే లెక్క అడగాలె. మన ఇంట్ల లెక్క సరిగ ఉంటేనే వాళ్లను గట్టిగ అడగొచ్చు.

మామ: మరి నా చెరుకు?

కోడలు: లెక్కల తేలినంత. ఏడాది పొడుగుత ఇయ్యగలిగే నీళ్లు ఎన్ని ఉన్నయో అంత చెరుకు, డ్రిప్పు మీద, చెత్త పరిచి. దానికి తగ్గ ఫ్యాక్టరీ. 1937 నాటి సైజు కాదు, ఈనాటి మంజీర సైజు. చెరుకే వద్దని నేను అంటలేను. నది ఇచ్చే దానికంటె ఎక్కువ మాత్రం వద్దు.

మామ: నాలుగెకరాలన్న.

కోడలు: అన్నవు.

మామ: (చాలాసేపటికి) ఎకరం చాలు. అదీ ఫ్యాక్టరీ నిజంగ తెరిస్తే.

పొద్దు వాలుతోంది. ఇద్దరూ గట్టు దిగి మడి దగ్గరికి నడిచారు. నారుమడికి దున్ని చదును చేసిన జాగ అప్పటికే నీళ్లకు సిద్ధంగా ఉంది. ఎనిమిదెకరాలకు సరిపడా నారు పోయాలని కొలిచి గట్లు వేసిన జాగ అది. మామ చెప్పులు విప్పి లోపలికి దిగాడు. కాళ్లతోనే కొలుచుకుంటూ నడిచి, మూడింట రెండు వంతుల కన్నా కొంచెం తక్కువ దగ్గర ఆగాడు. పారతో అక్కడ కొత్త గట్టు ఎత్తాడు. ఐదెకరాల నారుకే ఆ జాగ. మిగతా మూడెకరాల్లో శనగ వేస్తానని, కాంటా ఎవరు పెడతారో రేపు మండలంలో అడిగి చూస్తానని అన్నాడు. కోడలు పైపు ముక్కను కొత్త గట్టు పక్కన పెట్టింది. నాటు వేశాక పాతుకోమంది. మామ దాన్ని తీసి మడిలో పడకుండా మోటరు డబ్బాలో దాచాడు.

తర్వాత కాలువ కొసవైపు చూసి, "కొస తూమోడు మనోడే," అన్నాడు. "రేపు పొద్దుగాల వాని ఇంటికి పోయి, ఈసారి తైబందీకి వాన్నే ముందు మాట్లాడుమంట."